నలభై రోజుల ఆలివ్ నూనె

ఇదంతా ఎడమ చేత్తో టైప్ చేస్తున్నాను. ఒక్కో వాక్యానికి మునుపటికంటే నాలుగింతలు సమయం పడుతోంది. అచ్చుతప్పులుంటే సర్దుకోండి, జాలి మాత్రం పడొద్దు. జాలిపడేవాళ్ళు ఇప్పటికే అరటిపళ్ళు పట్టుకుని మా ఇంటికి వచ్చి వెళ్ళారు. ఆ పళ్ళన్నీ తిన్నాను కూడా.

నా పేరు కరుణ. గుంటూరులో పదకొండేళ్ళు స్టాఫ్ నర్సుగా పనిచేశాను, ఎక్కువభాగం పిల్లల వార్డులో. నెలల పిల్లలకి సెలైన్ పెట్టాలంటే నరం దొరకదు. చిన్న డాక్టర్లు రెండుసార్లు గుచ్చి, పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే, మూడోసారికి నన్ను పిలిచేవారు. కుడిచేతి చూపుడువేలితో తడిమితే ఆ సన్నటి నరం ఎక్కడ పరుగెడుతోందో నాకు తెలిసిపోయేది. నాకున్న ఆస్తి ఆ వేలే. దాన్ని నమ్ముకునే ముప్పై అయిదేళ్ళ వయసులో కెనడా బయల్దేరాను.

అప్పట్లో ఇక్కడ విమానం దిగిన ప్రతివాళ్ళూ స్టూడెంట్లే. నేనూ స్టూడెంట్‌నే అయ్యాను. ఒషావాలో ఒక కాలేజీలో హెల్త్ కేర్ మేనేజ్‌మెంట్ కోర్సు. చదువు ఒక పక్క సాగుతుండగా నర్సింగ్ లైసెన్స్‌కి అప్లై చేసి, పరీక్ష రాసి, మళ్ళీ తెల్లబట్టలు వేసుకోవాలన్నది నా ప్లాన్. మా ఆయన విజయ్ ఓపెన్ వర్క్ పర్మిట్ మీద నాతో వచ్చి, కార్ల విడిభాగాలు ప్యాక్ చేసే వేర్‌హౌస్‌లో చేరాడు.

మేం అద్దెకున్న ఇంట్లో నాలుగు గదులు, ఒక బేస్‌మెంట్, అందరికీ కలిపి ఒకటే స్టవ్. గదికి ఇద్దరో ముగ్గురో స్టూడెంట్లు. ఎవరు ఏ వేళకి వండుకోవాలో కాగితం మీద రాసి వంటింటి గోడకి అంటించారు. మా స్లాట్ సాయంత్రం ఆరు నుంచి ఏడు. ఆ వేళకి నేను కాలేజీలోనో, కాఫీ షాపులో కార్లలో వచ్చేవాళ్ళకి కప్పులందించే డ్రైవ్-త్రూ కిటికీ దగ్గరో ఉండేదాన్ని. విజయ్ షిఫ్టులో ఉండేవాడు. మా స్లాట్ గోడమీదే ఉండిపోయింది. షాపులో మిగిలిన డోనట్లు తినడం, ఇంటికొచ్చి నూడుల్స్, ఆదివారం డబ్బా బిర్యానీ. టేబుల్ లేదు, సూట్‌కేసు పడుకోబెట్టి దానిమీద ప్లేట్లు పెట్టుకునేవాళ్ళం. ఉప్పు తగ్గించమని వందలమందికి చెప్పిన నేను చిప్స్ ప్యాకెట్ అడుగునున్న ఉప్పుని కూడా వేలికి అద్దుకుని నాకాను. అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టు. నాకు బీపీ ఉందని గుంటూరులో ఉండగానే తెలుసు. తెలిసీ పట్టించుకోలేదు.

అక్టోబరులో ఒకరోజు కాలేజీకి బస్సులో వెళ్తుంటే కుడి బుగ్గ మొద్దుబారింది. పన్ను పీకేముందు ఇంజెక్షన్ ఇస్తే ఉంటుందే, అలా. దిగడానికి పక్క సీటులోని అమ్మాయిని జరగమని అడగబోతే నాలుక తిరగలేదు. ఇరవై నిమిషాల్లో అంతా సర్దుకుంది. అది చిన్నపాటి స్ట్రోక్ అని నర్సుగా నాకు తెలుసు. తెలిసీ ముందు క్లాసుకి వెళ్ళి, అటెండెన్స్ వేయించుకుని, ఆ తర్వాతే హాస్పిటల్ ఎమర్జెన్సీకి వెళ్ళాను. అటెండెన్స్ తగ్గితే స్టడీ పర్మిట్‌కి ఏం ముప్పు వస్తుందోనన్న భయం ముందు తలలో ఏం జరుగుతోందన్న భయం చిన్నదైపోయింది.

ఎమర్జెన్సీలో పొద్దున కూర్చుంటే సాయంత్రం అయింది. పేరు పిలుస్తారేమోనని బాత్రూముకి కూడా వెళ్ళలేదు. పక్కన చక్రాల కుర్చీలో ఒక తెల్లావిడ, ఎనభై దాటి ఉంటాయి. సంచీలోంచి గుడ్డు శాండ్‌విచ్ తీసి, సగం తుంచి నా చేతిలో పెట్టింది. తినకపోతే ఊరుకునేలా లేదు. ఎందుకో ఆవిడతో, నేను నర్సునని చెప్పాను. "మంచిది తల్లీ, మీలాంటివాళ్ళు మాకు చాలామంది కావాలి" అంది ఇంగ్లీషులో. తలూపి శాండ్‌విచ్ పూర్తి చేశాను. ఆవిడ పేరు కూడా అడగలేదు.

విజయ్ సేఫ్టీ బూట్లతోనే పరుగెత్తుకొచ్చాడు.

"క్లాసుకెళ్ళి ఆ తర్వాత ఇక్కడికొచ్చావా? నువ్వసలు నర్సువేనా?" అని తెలుగులో గట్టిగా అరిచాడు. వెయిటింగ్ రూమంతా మా వంక చూసింది.

"తగ్గిపోయిందండీ" అన్నాను.

"తగ్గిపోతే ఇక్కడెందుకు కూర్చున్నావ్?"

అంతలో నా పేరు పిలిచారు. డాక్టర్ చెప్పింది రెండే ముక్కలు. ఇది హెచ్చరిక, దీని తర్వాత వచ్చేది హెచ్చరించి రాదు. రోజూ రెండు మాత్రలు, జీవితాంతం. వాటితోపాటు తిండి మార్చుకోవాలి కాబట్టి డైటీషియన్ దగ్గరికి పంపుతున్నానన్నాడు.

డైటీషియన్ పేరు మరీనా. నవంబరులో కలిశాను. ఆవిడ నానమ్మ ఇటలీలో సముద్రం పక్క పల్లెటూరినుంచి వచ్చిందట. రంగుల కాగితం ఒకటి నా ముందు పెట్టింది. మెడిటరేనియన్ వాళ్ళు తరతరాలుగా తినే పద్ధతి అది. కూరగాయలు, ఆకుకూరలు, పప్పులు, శనగలు, గింజలు, ముడిధాన్యం, వారానికి రెండు మూడుసార్లు చేప, వెన్న బదులు ఆలివ్ నూనె, మాంసం ఎప్పుడో ఒకసారి. మీ ఇంటి దగ్గర ఏం తినేవాళ్ళని అడిగింది. మా ఊరు బాపట్ల పక్కన. అమ్మ చేసే చేపల పులుసు, తోటకూర పప్పు, శనగ గుగ్గిళ్ళు, పల్చటి మజ్జిగ చెప్పాను. మరీనా పెన్ను కింద పెట్టేసింది.

"ఇక కొత్తగా చెప్పడానికి నాకేముంది? తెల్లన్నం తగ్గించండి, ఉప్పు తగ్గించండి, నూనె మార్చండి. మిగతాదంతా మీ అమ్మగారి వంటే" అంది. లేవబోతుంటే మళ్ళీ ఆపి, "ఇది మాత్రలతోపాటు. మాత్రలకి బదులు కాదు" అని చెప్పింది. కాగితం వెనక కూడా ఆ ముక్కే అచ్చువేసి ఉంది. చదవలేదని అబద్ధం చెప్పను. నర్సుని, చదవకుండా ఎలా ఉంటాను?

కాగితం ముందువైపు ఒక ఫోటో. ద్రాక్షపందిరి కింద పొడుగాటి టేబుల్, దాని చుట్టూ ఎనిమిదిమంది కూర్చుని నవ్వుకుంటూ తింటున్నారు. నాకు ముందు కనిపించింది చేప కాదు, ఆ టేబుల్. అంత తీరిగ్గా కూర్చుని తినేవాళ్ళకి అసలు జబ్బులెందుకొస్తాయి అని ఒళ్ళు మండింది. నాకున్నది పది నిమిషాల బ్రేకు, అదీ నిలబడి. అయినా ఇంటికెళ్ళి కాగితాన్ని అయస్కాంతంతో ఫ్రిజ్‌కి అంటించాను. ఫోటో ఇటువైపు, వెనక రాసిన ముక్క ఫ్రిజ్ తలుపువైపు.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా తెలుగు క్రైస్తవుల కూడిక జరిగేది, అద్దెకు తీసుకున్న హాల్లో. అంతకుముందు కొద్ది కుటుంబాలే ఉండేవట. స్టూడెంట్లు వచ్చిపడ్డాక కుర్చీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడేవాళ్ళం. స్త్రీల ప్రార్థన చూసుకునేది విమలా ఆంటీ. భర్త ఐటీలో ఉండేవారు, అమెరికాలో కొన్నాళ్ళుండి, ఇరవై ఏళ్ళకిందట ఇక్కడికి వచ్చి ఓక్‌విల్‌లో స్థిరపడ్డారు. ఆంటీ అక్కణ్ణుంచి గంటకు పైగా డ్రైవ్ చేసుకుని, వ్యాన్ నిండా వంట గిన్నెలతో వచ్చేవారు. కొత్తగా వచ్చిన ఆడపిల్లలకి చలికోట్లు సేకరించి పెట్టిందీ, జ్వరమొస్తే రసం పంపిందీ ఆవిడే. ఆవిడ గురించి ముందుముందు చేదుగా రాయబోతున్నాను కాబట్టి ఈ మాట మొదటే చెప్పడం న్యాయం.

నా ఫోన్లో ఆ డైట్ కాగితం ఫోటో చూసి ఆంటీ కళ్ళు పెద్దవి చేశారు.

"ఆలివ్ నూనె, చేపలు, అంజూరం, ద్రాక్ష, బార్లీ రొట్టె... ఏమ్మా కరుణా, ఇది ప్రభువు తిన్న తిండి కదా!"

"డైటీషియన్ ఇచ్చిందాంటీ."

"ఎవరిచ్చినా ఇప్పించింది ఆయన కాదూ?"

వెనకనుంచి ఎవరో అంకుల్, "ఆయన బిర్యానీ తినుంటే మనకెంత బాగుండేది" అన్నారు. అందరం నవ్వాం. ఆ నవ్వుల్లోనే మాట ఖాయమైపోయింది. ఈస్టర్‌కి ముందు వచ్చే నలభై రోజుల శ్రమకాలంలో మావాళ్ళు ఎటూ మాంసం మానేస్తారు. ఈసారి నేను ఆ కాగితం ప్రకారం తింటానని మొక్కుకోవాలి. కూడికంతా నా కోసం ప్రార్థన చేస్తుంది. డైటీషియన్ చెప్పిన పథ్యం అలా దేవుడికి మొక్కయింది.

మరుసటి వారం ఆంటీ పెద్ద ఆలివ్ నూనె డబ్బా తెచ్చి, పెద్దలచేత ప్రార్థన చేయించి నాకిచ్చారు. ఇంకొకటి కూడా తెచ్చారు. మేం సూట్‌కేసు మీద తింటున్నామని నేను ఎప్పుడో నోరుజారి అన్నానట. అది గుర్తుపెట్టుకుని వ్యాన్‌లో మడతపెట్టే టేబుల్, రెండు కుర్చీలు వేసుకొచ్చారు. విజయ్ దాన్ని గదిలో పరిచి, కాళ్ళు కదులుతున్నాయేమో చూసి, దానిమీద మోచేతులు ఆనించి కూర్చున్నాడు. కెనడా వచ్చాక తను మనిషిలా కూర్చోవడం అదే మొదటిసారి.

నిజం చెప్పాలంటే ఆ నలభై రోజులూ బాగున్నాయి. ఇప్పుడు తలుచుకుంటే ఆ బాగుండడమే ఎక్కువ కష్టంగా ఉంది. షిఫ్టులు మార్చుకుని ఆరింటికి ఇంట్లో ఉండేదాన్ని. గోడమీది స్లాట్‌ని మొదటిసారి వాడుకున్నాను. మొదటిరోజు ఆలివ్ నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి వేసి పోపు పెడితే వచ్చిన వాసనకి విజయ్ లేచి కిటికీ తీశాడు, బయట మంచు పడుతున్నా. "ప్రభువు పోపు పెట్టుకోలేదేమోనే" అన్నాడు. తర్వాత పోపు మానేసి, శనగలు నానబెట్టి ఉడికించి, ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం కలిపి, పైన ఆ నూనె పోసి తిన్నాం. పాలకూర, చిరుశనగలు, చేప ముక్కల పులుసు, బార్లీ అన్నం. "మా ఆవిడ నన్ను ఆవుని చేసింది" అని ఫోన్లో స్నేహితులకి చెప్పేవాడు గానీ ప్లేటు ఖాళీ చేసేవాడు. మాత్రలు కూడా ఆ టేబుల్ మీదే, పొద్దున టీతో.

ఈస్టర్‌కి ముందు చెకప్‌కి వెళ్తే బీపీ బాగా తగ్గింది, బరువూ తగ్గింది. డాక్టర్ నవ్వి, తిండి, మాత్రలు రెండూ ఇలాగే కొనసాగించమన్నాడు.

మా కూడికల్లో సాక్ష్యం చెప్పే ఆచారం ఉంది. జబ్బు తగ్గినా, ఉద్యోగం వచ్చినా, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చినా అందరిముందూ లేచి దేవుడు చేసిన మేలు చెప్పాలి. దానికో నడక ఉంటుంది. ముందు కష్టం, తర్వాత కన్నీళ్ళు, తర్వాత మేలు. మాట మాటకీ జనం స్తోత్రం అంటుంటే గొంతు దానంతటదే పైకి లేస్తుంది. ఈస్టర్ రోజు మైకు నా చేతికిచ్చారు. బస్సులో బుగ్గ మొద్దుబారడం చెప్పాను, శాండ్‌విచ్ ఇచ్చిన ముసలావిడని చెప్పాను, నలభై రోజుల తిండి చెప్పాను. హాలంతా ఊగిపోతోంది. "ఈరోజు నా బీపీ నార్మల్" అన్నాను. స్తోత్రం. "డాక్టరే ఆశ్చర్యపోయాడు" అన్నాను. హల్లెలూయా. ఇంకా పైకి వెళ్ళడానికి ఒక మెట్టు ఉన్నట్టనిపించింది. "ఇక మందుల అవసరమే లేకుండా నా ప్రభువు చేశాడు!" అన్నాను.

పొద్దున్నే రెండు మాత్రలు మింగి వెళ్ళిన నోరు అది.

హాలు లేచి నిలబడింది. విమలా ఆంటీ ఏడుస్తూ నన్ను కావలించుకున్నారు. ఇంటికి వెళ్తుంటే దారిలో విజయ్ అడిగాడు.

"మందులు లేకుండానా? పొద్దున వేసుకున్నావుగా."

"ఫ్లోలో వచ్చేసిందండీ."

"సరేలే. దేవుడు అర్థం చేసుకుంటాడు. నువ్వు మాత్రం మాత్రలు మానకు."

ఆ మాట అక్కడితో మర్చిపోయాడు. నేను మర్చిపోలేకపోయాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. ఆ వారమంతా ఫోన్లే. "అక్కా, మీరు మందులు మానేశారంట కదా, మా అమ్మకి కూడా బీపీ, ఏం తినమంటారు?" అని ఇక్కడ కెనడాలోనే ఉన్న లండన్ అనే ఊళ్ళో చదువుకునే దీవెన అనే అమ్మాయి అడిగింది. కాదమ్మా, నేను అబద్ధం చెప్పాను అనాలి. అనలేదు. కాగితం ఫోటో పంపించి, "డాక్టర్ని కూడా ఒకసారి అడుగు" అని చివర్లో గొణిగాను.

రోజూ పొద్దున ఆ రెండు మాత్రలు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా దేవుడి సన్నిధిలో అబద్ధమాడినదాన్ని అని గుర్తొచ్చేది. మింగలేక కక్కలేక. ఒక దారి లేచి నిలబడి తప్పు ఒప్పుకోవడం. ఇంకో దారి చెప్పినమాటని నిజం చేయడం. రెండోది సులువుగా కనిపించింది. తిండి ఎలాగూ సరిగ్గా తింటున్నాను, బీపీ ఎలాగూ తగ్గింది, ఎందుకు తగ్గిందో మాత్రం ఆలోచించకూడదు. మొదట ఆదివారాలు మానేశాను. రెండు వారాలకి అన్నిరోజులూ మానేశాను. విజయ్ ఎదురుగా మాత్రలు చేతిలో వేసుకుని, బాత్రూములోకి వెళ్ళి, టిష్యూలో చుట్టి పారేసేదాన్ని. రీఫిల్ కూడా టైముకి తెచ్చుకునేదాన్ని, తనకి కనబడాలని. పదకొండేళ్ళు జనంచేత మందులు మింగించడమే వృత్తిగా బతికినదాన్ని.

నన్ను మానమని ఎవరూ చెప్పలేదు. పాస్టర్ చెప్పలేదు, ఆంటీ చెప్పలేదు, బైబిలు వాక్యం చెప్పలేదు. ఈ ముక్క రాయడానికే ఇదంతా మొదలుపెట్టానేమో.

జూన్‌లో, పొద్దున పదింటికి, డ్రైవ్-త్రూ కిటికీలోంచి కాఫీ అందిస్తున్నాను. కప్పు ఒరిగి కుడిచేతి మీద ఒలికింది. మరుగుతున్న కాఫీ. చర్మం ఎర్రబడుతుంటే చూస్తున్నాను, మంట లేదు. పక్కన పనిచేసే పంజాబీ అమ్మాయి జస్లీన్ నా పేరు పిలిచింది. తిరిగి చూద్దామంటే కాలు రాలేదు. కింద కూలబడుతుంటే ఆ పిల్ల నా తలకింద తన జాకెట్ పెట్టి, ఒకచేత్తో ఫోన్ చేస్తూ, ఇంకో చేత్తో నా చెయ్యి పట్టుకుంది. ఏ చెయ్యి పట్టుకుందో నాకు తెలియలేదు.

ఈసారి వెయిటింగ్ రూములో కూర్చోబెట్టలేదు. తలుపులన్నీ వాటంతటవే తెరుచుకుంటూ లోపలికి తీసుకెళ్ళిపోయారు. అలా తీసుకెళ్తే అర్థమేమిటో నర్సులకి తెలుసు.

విజయ్ వచ్చేసరికి డాక్టర్ అడుగుతోంది, రోజూ మందులు వేసుకుంటోందా అని.

"యెస్ డాక్టర్. ఎవ్రీ డే. నా కళ్ళముందే వేసుకుంటుంది" అన్నాడు విజయ్, గట్టిగా, నా తరఫున సాక్షిలా.

నోరు తెరిచాను. మాట లేదు. ఎడమ చేత్తో విజయ్ చొక్కా పట్టుకుని లాగి, తల అడ్డంగా ఊపాను. తనకి అర్థం కాలేదు. మళ్ళీ ఊపాను. డాక్టర్ వంగి, "మానేశారా?" అంది. అవునన్నట్టు ఊపాను. ఎన్నాళ్ళుగా అని అడిగితే రెండు వేళ్ళు చూపించాను.

"టూ డేస్?" అన్నాడు విజయ్.

కాదు.

"టూ వీక్స్?"

కాదు.

మూడోది అడగలేదు. నా రెండు వేళ్ళవంక చూస్తూ ఉండిపోయాడు. ఆ గదిలో నా మెదడుకి ఏం జరుగుతోందో నాకు గుర్తులేదు, ఆ మొహం గుర్తుంది. తిడతాడనుకున్నాను. ఈరోజు వరకూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మాట మూడు వారాలకి వచ్చింది, కాలు నెలకి వచ్చింది. చెయ్యి పూర్తిగా రాలేదు. రీహాబ్‌లో థెరపిస్టు నా ముందు ఒక గిన్నె పెట్టి, ఒక్కొక్కటి తీసి పక్క గిన్నెలో వేయమంది. చూస్తే అవి ఎండు శనగలు. నలభై రోజులు నేను తిన్న శనగలే. కళ్ళు మూసుకుని తడిమితే చూపుడువేలికి శనగకీ గులకరాయికీ తేడా తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

మాట వచ్చాక మొదటి ఫోన్ దీవెనకి చేశాను. మీ అమ్మ మందులు వేసుకుంటోందా అని అడిగాను.

"వేసుకుంటోందక్కా. మానేస్తానని ఇండియాలో డాక్టర్‌తో అంటే ఆయన బాగా తిట్టాడంట. ఎందుకక్కా?"

ఎందుకో చెప్పాను. తర్వాత ఆ అమ్మాయి నాకు ఫోన్ చేయలేదు.

ఆగస్టులో విమలా ఆంటీ నన్ను ఓక్‌విల్ తీసుకెళ్ళి రెండు వారాలు ఉంచుకున్నారు, విజయ్ పనికి వెళ్ళక తప్పదు కాబట్టి. జడ వేశారు, అన్నం కలిపి స్పూన్ చేతికిచ్చారు, విసుక్కోలేదు. ఒక పొద్దున ఆవిడ స్నానానికి వెళ్తే, నా పళ్ళెంలోకి కాస్త ఆలివ్ నూనె వేసుకుందామని అల్మారా తలుపు తీసి ఎడమ చేత్తో డబ్బా జరిపాను. దాని వెనక మాత్రల పెట్టె ఉంది. వారానికి ఏడు గదులు, రోజుకొకటి. ఆవిడ తల తుడుచుకుంటూ వచ్చేసరికి అది టేబుల్ మీద ఉంది.

"ఎవరివి ఆంటీ?"

"నావేనమ్మా. బీపీకి ఒకటి, షుగర్‌కి ఒకటి."

"ఎన్నాళ్ళనుంచి?"

"పన్నెండేళ్ళు."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

ఆంటీ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "చెప్పుకునేదేముందమ్మా అందులో? నలుగురికి ప్రార్థన చేసేదాన్ని. నాకే జబ్బుందంటే ఏమనుకుంటారు? ఆదివారం కూడా మధ్యాహ్నం మాత్ర ఉంటది. వాష్‌రూములోకెళ్ళి వేసుకుంటా." పెట్టె తన వైపు జరుపుకుని, "మాత్రలు మానమని నేను చెప్పలేదు గదా కరుణా" అన్నారు.

చెప్పలేదు. అదే నిజం. నేను ఈస్టర్ రోజు మైకులో ఆ అబద్ధం అంటుంటే, హ్యాండ్‌బ్యాగ్‌లో మాత్రలు పెట్టుకుని ఏడుస్తూ నన్ను కావలించుకున్నారు. పోట్లాడదామనుకున్నాను. అంతలో ఆవిడ దువ్వెన అందుకుంటే తల వంచాను. ఆవిడ లేకపోతే ఆ రోజు నాకు జడ వేసేవాళ్ళు లేరు.

లైసెన్స్ ఫైలు నేనే మూయించాను. కారణం రాయమన్న చోట, కుడిచెయ్యి అని మాత్రం రాశాను. ఇప్పుడు రోజూ పొద్దున విజయ్ మాత్రలు తన చేత్తో నా చేతిలో పెట్టి, మింగేదాకా నిలబడతాడు. మింగాక, "నాలుక చూపించు" అంటాడు. గుంటూరులో మందులు దాచుకునే పేషెంట్లతో నేను అనేదాన్ని ఆ మాట. నాలుక చూపిస్తాను. నవ్వొచ్చిన రోజులు కూడా ఉన్నాయి, ఇద్దరికీ కాదు.

ఇది చదివేవాళ్ళలో బీపీ ఉన్నవాళ్ళకి చెప్తున్నాను. ఆ తిండి మంచిది, తినండి. శనగలు, ఆకుకూరలు, చేపలు, ఆ నూనె, అందులో ఏ తప్పూ లేదు. మేమూ ఇంకా అదే తింటున్నాం, ఆంటీ ఇచ్చిన టేబుల్ మీదే. ప్రార్థన కూడా చేసుకోండి, నేను మానలేదు. కానీ డాక్టర్ ఇచ్చిన మాత్ర మింగండి. సాక్ష్యం చెప్పేటప్పుడు ఆ మాత్ర పేరు కూడా చెప్పండి. మన సాక్ష్యాల్లో ఎవరూ మాత్రల పేరు ఎత్తరు, అందుకే వినేవాళ్ళం మనకొక్కళ్ళకే విశ్వాసం తక్కువనుకుంటాం.

మొన్న ఆదివారం మళ్ళీ మైకు నా చేతికిచ్చారు, మళ్ళీ నడుస్తున్నాను కదా, మేలు చెప్పమని. ఎడమ చేత్తో పట్టుకున్నాను. "పోయిన ఈస్టర్‌కి ఇక్కడే అబద్ధం చెప్పాను. ఆ రోజు కూడా మాత్రలు వేసుకునే వచ్చాను. ఆ అబద్ధాన్ని నిజం చేద్దామని మానేశాను. చెయ్యి పోయింది. మీరెవరూ మానకండి" అని చెప్పి కూర్చున్నాను. ఒక్క స్తోత్రం వినపడలేదు. పాస్టర్ గారు గొంతు సవరించుకుని ప్రార్థన చేద్దామన్నారు.

భోజనాల దగ్గర టేబుల్ మీద, అందరికీ కనబడేలా, స్ట్రోక్ తర్వాత కొత్తగా చేరిన మధ్యాహ్నం మాత్రల డబ్బా పెట్టాను. మూత నొక్కి తిప్పాలి, ఒక్క చేత్తో రాదు. పొట్టకి ఆనించి తిప్పాను, మోకాళ్ళ మధ్య ఇరికించి తిప్పాను. చుట్టూ కూర్చున్నవాళ్ళు పప్పు బాగుందని మాట్లాడుకుంటున్నారు. విమలా ఆంటీ ఎదురు బల్లనుంచి లేచి వచ్చి, నా చేతిలోంచి డబ్బా తీసుకుని, మూత తిప్పి, మాత్ర నా అరచేతిలో వేశారు. "ఇదిగో అమ్మా, నీళ్ళు" అని గ్లాసు దగ్గరికి జరిపారు. నేను మింగేదాకా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. తర్వాత కుర్చీకి తగిలించిన తన హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని వాష్‌రూము వైపు నడిచారు.